ఒకే మొక్క సుగంధ తైలం ఒక్కో సీసాలో ఒక్కోలా ఎందుకుంటుంది?

మొక్క అదే అయినా రెండు సీసాల వాసన కలవకపోతే వెంటనే కల్తీ అనుకోనక్కర్లేదు. సుగంధ తైలం ఒకే పదార్థం కాదు. తేలిగ్గా ఆవిరయ్యే పదుల కొద్దీ రసాయనాల మిశ్రమం అది. వాటిలో ఎక్కువగా ఉండేవి టెర్పీన్లు, అంటే మొక్కలు తయారుచేసుకునే ఒక రకం వాసన రసాయనాలు.

అసలు తేడా జన్యువుల్లోనే మొదలవుతుంది. వంటల్లో వాడే థైమ్ అనే సువాసన మొక్కనే తీసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు మొక్కల్లో ఒకదాని నూనె నిండా థైమాల్ ఉంటే, ఇంకోదానిలో లినలూల్ ఉండొచ్చు. మొదటిది ఘాటు, చర్మం మీద మంట పుట్టిస్తుంది. రెండోది చాలా సౌమ్యం. ఒకే జాతిలో ఇలా రసాయనాలు వేరుగా ఉండే రకాలను కీమోటైపులు అంటారు. వాడేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఇదే అని నా అభిప్రాయం.

తర్వాత వయసు. పిప్పర్‌మెంట్ లేత ఆకుల్లో మెంథోన్ ఎక్కువ. ముదిరేకొద్దీ అది మెంథాల్‌గా మారుతుంది. అందుకే కోత టైమింగ్ అంత ముఖ్యం. ఎండ, నీరు, నేల, ఆరబెట్టే తీరు కూడా కొంత మారుస్తాయి.

చివరికి స్వేదనం, అంటే ఆవిరి పట్టి నూనె తీయడం కూడా తేడా తెస్తుంది. జర్మన్ చామొమైల్ నూనెకుండే ఆ అందమైన నీలం రంగు పువ్వులో అసలు ఉండదు! పువ్వులోని మాట్రిసిన్ ఆవిరి వేడికి మారి, చామజులీన్ అయినప్పుడే ఆ రంగు వస్తుంది.

కాబట్టి కొనేటప్పుడు మొక్క శాస్త్రీయ నామం, కీమోటైపు, ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు (నూనెలో ఏ రసాయనం ఎంతుందో చెప్పే ల్యాబ్ పరీక్ష ఫలితం) అడగండి.