పొద్దుగాల తెంపుడు, పగటికి పేర్చుడు

కొత్తవాడ, వరంగల్

బిడ్డా,

నిన్న చెల్లె ఫోన్ చేసింది. పది రోజుల సంది గళ్ల కాగితం ముందర పెట్టుకొని కూసుంటున్నవట. గీసుడు, తుడుసుడు. కాగితం చినిగేదాక తుడుస్తున్నవు గని నేల మీద పరిచే నూలు దర్రీకి ఒక్క డిజైన్ గూడ కడదాక గీస్తలేవని చెప్పింది. మొన్న నువ్వు నాతోని మాట్లాడినప్పుడు గూడ "మామా, నాకు..." అని ఆగినవు. "రాదేమో" అనే మాటను గొంతులనే మింగినవు, నాకు తెలిసింది. ఫోన్ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవని ఉత్తరం రాస్తున్న.

నలభై ఏండ్లు దర్రీలు నేసిన చెయ్యి ఇది. చదువుకున్న పిల్ల ఈ పనిలకు వచ్చిందని నాకు ఎంత సంబురమో చెప్పలేను. అందుకే నువ్వు గట్ల కూసున్నవంటే నాకు నిద్ర పట్టలే.

బతుకమ్మ పూలకు పోయిన రోజులు యాదికి తెచ్చుకో. చెరువు కట్ట పొంటి తంగేడు కొమ్మ వంచుడు, పూవు తెంపుడు, సంచిల వేసుడు. చేన్లల్ల గునుగు కట్టలు కట్టలు కోసుడు. "ఇది పొట్టిగున్నది, ఇది వాడింది" అని అక్కడ ఎవలన్న చూసిన్రా? గట్ల చూస్తే పొద్దుగూకేదాక సంచి నిండదు. ఇంటికి వచ్చి చాప మీద కుప్ప పోసినంకనే మీ అమ్మమ్మ ఏరుతుండె. గునుగు సగం రంగు నీళ్లల్ల ముంచి, తాంబాళంల గుమ్మడాకులు పరిచి, ఒక్కో వరుస పేరుస్తుండె. పొట్టి కాడలను పారేసేది గాదు, పక్కకు పెట్టేది. పైకి పోయినా కొద్ది చుట్టు చిన్నగైతది గదా, అక్కడికి పొడుగు కాడ పట్టదు. పొద్దుగాల చేనుల నువ్వు వద్దనుకునే పూవే పగటికి గౌరమ్మ పక్కన నిలుస్తుండె.

నువ్వు తెంపేటప్పుడే పేరుస్తున్నవు బిడ్డా. నీకు రాక గాదు. రెండు పనులు ఒక్కసారి చేస్తున్నవు, ఒకదానికొకటి అడ్డం పడుతున్నయి.

రేపటి సంది గిట్ల చెయ్యి. పొద్దుగాల గళ్ల కాగితం ముట్టకు. గళ్లు కనపడంగనే చెయ్యి లెక్కల పడుతది. ఉత్త కాగితం తీసుకో, పెన్సిల్ గాదు, తుడువరాని బాల్‌పెన్ను. అగ్గిపెట్టెంత బొమ్మలు ఇరవై గియ్యి. ఇరవై నిండేదాక లేవకు, ఒక్కదాన్ని గూడ కొట్టెయ్యకు. ఫోన్ అవుతల గదిల పెట్టు, అండ్ల వేరేటోళ్ల పని చూసినవంటే నీ చెయ్యి ముడుచుకుంటది. మొదటి ఆరేడు అందరికీ తెలిసినయే వస్తయి, భయపడకు. చానా రోజులు ముట్టని బోరింగు కొడితే ముందుగాల తుప్పు నీళ్లే వస్తయి. కొడుతనే ఉండాలె.

మర్నాడు వాటిని చూడు. అప్పుడు గళ్ల కాగితం పట్టు, అప్పుడు ఎంత కఠినంగ ఉన్నా మంచిదే. ఇంటర్‌లాక్ పనిల ఒక్కో రంగు దారం తన హద్దుదాక పోయి, పక్క రంగు దారానికి మెలిక పడి మళ్లుతది, అందుకే ఏ వంపైనా మగ్గం మీద మెట్లు మెట్లుగనే దిగుతది. ఒక వరుసల ఎన్ని రంగులు మారితే అన్ని దారం కండెలు ఆడించాలె, నేసేటోళ్ల పొద్దు అంతా అండ్లనే పోతది. ఇవన్నీ నిజమే, గని ఇవి మర్నాటి సంగతులు.

నా సంగతి ఒకటి నీకు ఎన్నడూ చెప్పలే. ఇరవై రెండేండ్లప్పుడు భద్రకాళి చెరువు మీద గాలికి లేసే అలలు చూసి, క్యాలెండర్ కాగితం ఎనుక ఒక దర్రీ నక్షా గీసిన. అప్పుడు మా దగ్గర సరుకు కొనే షావుకారికి చూపిస్తే "పాములు పాకినట్టున్నది" అని నవ్విండు. ఇంటికొచ్చి దాన్ని ట్రంకుపెట్టె అడుగున పడేసిన. ఆరేండ్లు మళ్లీ పెన్ను ముట్టలే, పక్కోళ్ల నక్షాలే నేసిన. ఆయన మీద కోపం లేదు గని, ఆ ఆరేండ్లు తలుసుకుంటే ఇప్పటికీ కడుపుల కలుక్కుమంటది. మీ అత్త ఒకనాడు పెట్టె సర్దుతుంటే కాగితం దొరికింది. "ఇది మనింటికి నెయ్యి" అన్నది. మిగిలిన నూలుతోని నేసిన. అలలు మెట్లయినయి, గుడి గుండం మెట్లు దిగుతున్నట్టు కనపడ్డది. గీసినప్పుడు నాకు అది తెల్వదు. మా వసారల ఉన్న నీలం దర్రీ అదే, నువ్వు బోర్లపడ్డది గూడ దాని మీదనే.

అందుకే చెప్తున్న, కొత్తగ గీసినదాన్ని మొదటి దినం ఎవలకూ చూపకు. అమ్మేటోళ్లకు అసలే చూపకు. వాళ్ల మాట అవసరమే, గని అది ఆఖరికి.

2018ల వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి పనే అనే ముద్ర, వచ్చింది, ఇంత పేరున్న పనిల నేనేం చేస్త అని నీకు బుగులున్నట్టున్నది. వీలు చూసుకొని పాలంపేటకు పోయి రా. అక్కడి రామప్ప గుడి 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిండు, 2021ల యునెస్కో జాబితాల చేరింది. శిఖరం బరువు తగ్గాలెనని నీళ్లల్ల తేలేటంత తేలిక ఇటుకలు వాడిన్రు. ఇటుక తేలాలె అని మొదలు నోరు తెరిచి అన్నప్పుడు పక్కనోళ్లు ఎట్ల చూసిన్రో! బట్టీల ఎన్ని పలిగినయో, ఎన్ని మునిగినయో లెక్క ఎవలూ రాసి పెట్టలే. నాకైతే అక్కడ నిలబడ్డప్పుడల్లా ఆ మునిగిన ఇటుకలే మతికొస్తయి.

ఆదివారం ఇంటికి రా. కాగితాలన్నీ తే, చినిగినయి గూడ. మీ అత్త మక్క గారెలు చేస్తనన్నది. చాప మీద కుప్ప పోద్దాం, ఇద్దరం కూసొని ఏరుదాం.

మీ మామ