కాల్షియం నార్మలే, మరి చెయ్యెందుకు విరిగింది?

ప్రశ్న: నా వయసు 58. రెండు నెలల కిందట బాత్‌రూమ్ గుమ్మంలో కాలు జారి పడబోతూ చెయ్యి ఆనించాను. కుడి మణికట్టు విరిగింది. ఇప్పుడు అతుక్కుంది, కట్టు తీసేశారు. రక్తపరీక్షలో కాల్షియం నార్మల్, నొప్పులేమీ లేవు. అయినా ఎముకల స్కాన్ చేయించుకోమని మా అమ్మాయి ఒకటే పోరు. అవసరమంటారా?

జవాబు: మీ అమ్మాయి మాట వినండి. నిలబడ్డ మనిషి కాలు జారి పడితే ఒళ్లు నొప్పులు పుట్టాలి గానీ ఎముక విరగకూడదు. ఈ వయసులో విరిగిందంటే, తప్పంతా తడి నేలదేనని ఊరుకోవడానికి లేదు.

ఇక ఆ కాల్షియం రిపోర్టు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండెకీ కండరాలకీ ఇబ్బంది. అందుకే ఒళ్లు దాన్ని తగ్గనివ్వదు, చాలకపోతే ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఎముక గుల్లబారుతున్నా రిపోర్టు నార్మల్‌గానే ఉంటుంది.

నొప్పి లేదన్నారు. ఎముక గుల్లబారే ఈ జబ్బుని ఆస్టియోపోరోసిస్ అంటారు. విరిగేదాకా అది నొప్పి పెట్టదు. వెన్నుపూసలు కుంగినా చాలామందికి తెలియదు. "పై అరలో డబ్బా ఈమధ్య అందట్లేదురా" అని మా అమ్మ అంటే, నవ్వేసి డబ్బా కింది అరలో పెట్టాను. డాక్టర్ని నేను! ఏడాది తర్వాత ఇంకెందుకో తీసిన ఎక్స్‌రేలో రెండు పూసలు నొక్కుకుపోయి కనిపించాయి. మీరూ గోడకి ఆనుకుని ఎత్తు కొలుచుకోండి. వయసులో ఉన్నప్పటికంటే 4 సెంటీమీటర్లు తగ్గితే డాక్టరుకి చెప్పండి.

చేయించాల్సింది ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, తుంటికీ నడుముకీ. మడమకి పెట్టి చూసే చిన్న మిషన్‌తో సరిపెట్టుకోకండి, జబ్బు నిర్ధారణకి అది చాలదు. డెక్సాకి సూది లేదు, సొరంగంలోకి పంపడం లేదు. 10-15 నిమిషాలు బల్ల మీద కదలకుండా పడుకోవడమే. ముందు రోజు నుంచి కాల్షియం మాత్ర మాత్రం ఆపండి. రిపోర్టులో టి-స్కోర్ అని ఉంటుంది, మీ ఎముకని ఆరోగ్యంగా ఉన్న వయసులోవాళ్ల ఎముకతో పోల్చే అంకె అది. మైనస్ 1 దాకా నార్మల్. మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. మధ్యలో వచ్చిందని 'హమ్మయ్య' అనుకోకండి. ఒకసారి ఎముక విరిగినవాళ్లకి అక్కడా మందులు అవసరం పడొచ్చు.

నెలసరి 45 లోపే ఆగినా, ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు 3 నెలలకు పైగా వాడినా, మీ అమ్మకో నాన్నకో తుంటి విరిగి ఉన్నా ఆ సంగతి ముందే చెప్పండి. రిపోర్టు దాచిపెట్టుకోండి. మళ్లీ తీయించాల్సి వస్తే వీలైనంతవరకు అదే మిషన్ మీద తీయించండి, అప్పుడే అంకెలు పోల్చి చూడటానికి పనికొస్తాయి.