పిస్టన్లు ఇప్పుడే ఆర్డర్ పెట్టకు

చి॥ చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరం అందింది. పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొన్నావంటే నాకూ సంబరంగానే ఉంది. కానీ నువ్వు కారు గురించి రాసింది నాలుగు ముక్కలు, కొనబోయే సామాన్ల జాబితా రెండు పేజీలు. వాల్వులు తెరిచే రేసింగ్ క్యామ్, ఓవర్‌సైజ్ పిస్టన్లు, వెబర్ కార్బురేటర్... ఇంజిన్ ఇంకా బానెట్ కిందే ఉంది కదరా! విప్పి చూడకుండానే దానికేం కావాలో నీకెలా తెలిసింది?

దించే ముందు కంప్రెషన్ టెస్ట్ చెయ్యి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచిపెట్టి, ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకో. తక్కువ వచ్చినదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులో, బోరో, అంటే సిలిండర్ లోపలి గోడో, అరిగినట్టు. అక్కడే ఉండిపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదనుకో. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే నా అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీదికే పోతుంది. ఆయిల్ ప్రెషర్ కూడా చూడు. ఈ ఇంజిన్ వేడెక్కి పరుగులో ఉన్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య చూపించాలి.

ఇంకో మాట. 1962లో వచ్చిన మొదటి ఎంజీబీల్లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కి మూడే మెయిన్ బేరింగులు. 1964 చివర్లో ఐదు చేశారు. రెండూ 1798 సీసీ ఇంజిన్లే. అందుకని ఆ బేరింగుల్లో వేసే షెల్స్ కొనేటప్పుడు కారు ఏ సంవత్సరానిదో చెబితే చాలదు, ఇంజిన్ నంబర్ చూసుకోవాలి. ఇన్నేళ్లలో ఎవరు ఏ ఇంజిన్ తెచ్చి అందులో పెట్టారో!

విప్పడం గురించి ఎక్కువ చెప్పను, అది నీకు వచ్చు. ఒక్కటే, ఏదీ కలగాపులగం చెయ్యకు. ఏ కనెక్టింగ్ రాడ్ క్యాప్ ఆ రాడ్‌కే, అటు తిప్పకుండా అలాగే వెళ్లాలి. పుష్‌రాడ్లకు అట్టముక్కకి చిల్లులు పొడిచి నంబర్లు వేసి గుచ్చు. పాత క్యామే మళ్లీ వాడితే దాని మీద ఆనే ట్యాపెట్లు కూడా ఎక్కడివి అక్కడే పెట్టాలి. కొత్త క్యామ్ వేస్తే ట్యాపెట్లూ కొత్తవే. అక్కడ పీనాసితనం చేస్తే కొత్త క్యామ్‌ని పాతవి తినేస్తాయి.

ఇప్పుడు పిస్టన్ల సంగతి. ఒరిజినల్ బోరు 80.26 మి.మీ. దాన్ని పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలువు. పైన రింగులు ఆగే చోట గోరు తగిలేంత మెట్టు ఉంటే రీబోర్, అంటే బోరుని పెద్దది చేసి కొయ్యడం, తప్పదు. ఓవర్‌సైజులు 20, 30, 40, 60 థౌ అని దొరుకుతాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నువ్వేమో సరాసరి 60 రాశావు. 60 వేస్తే ఇంజిన్ 1868 సీసీ అవుతుంది. అంటే 70 సీసీ కోసం ఆ బ్లాకుకి మిగిలిన ఆయుష్షంతా ఒక్కసారే ఖర్చు పెట్టేస్తున్నావు. అరుగుదల 20తో పోయేదైతే 20తో ఆగు. సైజు తేలాక పిస్టన్లు తెప్పించి, వాటిని లేత్ షాపువాడి చేతిలో పెట్టి, ఆ పిస్టన్లను కొలిచి బోరు కొయ్యమను. పెట్టె మీద ఉన్న నంబరు చూసి కోస్తే ఒప్పుకోకు.

నా మొదటి ఇంజిన్ కథ నీకు చెప్పినట్టు లేదు. అన్నీ కొత్తవే వేశాను, స్టార్ట్ చేస్తే గడియారంలా నడిచింది. మూడొందల కిలోమీటర్లు తిరక్కుండానే కింద నుంచి టకటకమని చప్పుడు. ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి, అదే సంప్, దించి బేరింగ్ షెల్ తీసి వెలుగులో పెడితే, బూడిదరంగులో నున్నగా ఉండాల్సిన ముఖం మీద గీతలు, వాటి అడుగున రాగిరంగు కనిపిస్తోంది. ఒక గీత చివర సూదిమొనంత ఇనుప రజను గుచ్చుకుని మెరుస్తోంది. బోరు కోసినప్పటి రజను బ్లాకులోని ఆయిల్ గ్యాలరీలో ఉండిపోయింది. షాపువాడు కడిగానన్నాడు, నేను నమ్మాను. తప్పు నాదే. గ్యాలరీ చివరల్లో ప్లగ్గులుంటాయి, నేను వాటిని తియ్యనేలేదు.

అందుకే మిషన్ పని అయి బ్లాకు ఇంటికొచ్చాక ఆ ప్లగ్గులన్నీ తీసి, పొడవాటి బ్రష్ దూర్చి, వేడి సబ్బునీళ్లతో నువ్వే కడుగు. క్రాంక్‌లో ఉన్న ఆయిల్ దారులు కూడా. తెల్లగుడ్డతో బోరు తుడిచినప్పుడు గుడ్డ తెల్లగానే రావాలి. కడిగిన వెంటనే ఆరబెట్టి ఆయిల్ పుయ్యి, లేకపోతే నీ కళ్లముందే తుప్పు పట్టడం మొదలవుతుంది.

బిగించేటప్పుడు ప్లాస్టిగేజ్ వాడు. సన్నటి మైనపు దారంలా ఉంటుంది. క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే నున్నటి భాగాన్ని జర్నల్ అంటారు. ఆయిల్ లేకుండా తుడిచిన జర్నల్ మీద ఒక ముక్క పెట్టి, క్యాప్ టార్క్ ప్రకారం బిగించి విప్పితే చపాతీలా పరుచుకుని కనిపిస్తుంది. దాని వెడల్పుని కవరు మీది గీతలతో పోల్చు. షెల్‌కీ జర్నల్‌కీ మధ్య సందు 0.05 మి.మీ. అటూఇటూ వస్తే నాకు నిద్ర పడుతుంది. ఆ మధ్యలో క్రాంక్ తిప్పావా, కొలత పోయినట్టే. రింగుల గ్యాప్ కూడా ఒక్కోదాన్నీ దాని బోరులోనే పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడు.

పవర్ పెంచడం గురించి కోపం తెచ్చుకోకుండా విను. ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి కలిపి గాలి లోపలికెళ్లే దారులు రెండే, పొగ పోయే దారులు మూడు. ఇరుకంతా అక్కడే ఉంది. డబ్బు అక్కడ పెట్టు: పగుళ్లు లేవని టెస్ట్ చేయించి, పోర్టులు, వాల్వ్ సీట్లు మంచి చేతిలో పని చేయించు. ఎగ్జాస్ట్‌కి గట్టి సీట్లు వేయించు, సీసం లేని పెట్రోలుతో పాత సీట్లు అరిగి లోపలికి దిగిపోతాయి. క్రాంక్, రాడ్లు, ఫ్లైవీల్ బ్యాలెన్స్ చేయిస్తే ఎన్ని గుర్రాలు పెరిగాయో చెప్పలేవు గానీ స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. క్యామ్ మాత్రం రోడ్డుకి సరిపోయే మెత్తటిదే. రేసింగ్ క్యామ్‌తో సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణుకుతూ ఉంటుంది, కింది గేర్లలో పికప్ ఉండదు. కారుతో వచ్చిన ఆ ఎస్‌యూ కార్బురేటర్లు పారెయ్యకు. స్పిండిళ్లు అరిగితే బాగుచేయించి, కొత్త క్యామ్‌కి తగ్గ సూదులు వేస్తే చాలు. వెబర్ చప్పుడు బాగుంటుంది, కాదనను.

మొదటి స్టార్ట్ రోజు తొందరపడకు. ప్లగ్గులు తీసి, ప్రెషర్ గేజ్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పు. వాల్వ్ గ్యాప్ 15 థౌ, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, టైమింగ్ ముందే సరిచూసుకో. అంటుకున్నాక ఐడిల్‌లో వదలకు. 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య పెంచుతూ తగ్గిస్తూ ఇరవై నిమిషాలు నడపాలి, క్యామూ ట్యాపెట్లూ ఒకదానికొకటి అలవాటు పడేది అప్పుడే. జింక్ ఎక్కువున్న ఆయిలే పొయ్యి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకో. ఈ పని చేసేటప్పుడు నాకిప్పటికీ టెన్షనే.

విప్పాక నాలుగు బోర్ల కొలతలు, క్రాంక్ జర్నల్ కొలతలు కాగితం మీద రాసి పంపు. పిస్టన్ల సైజు అవి చూసి చెబుతాను. ఆ రెండు పేజీల జాబితా మాత్రం అప్పటిదాకా సొరుగులో పెట్టు.

ఇట్లు,
పెదనాన్న