నాయనమ్మ పెట్టెల గులాబీ నోటు

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దిక్కు పల్లె. నాయనమ్మ ట్రంకుపెట్టె సదురుతుంటే పాత చీర మడతల రెండువేల నోటు దొరికింది. అసలుదా దొంగదా ఎట్ల తెల్వాలె, ఇంక చెల్లుతదా? లోపల చిప్ ఉంటదంటరు గద?

జవాబు: చిప్పు లేదు గిప్పు లేదు తమ్మీ, నోటు వచ్చిన 2016ల పుట్టిన పుకారు అది, మా ఊర్ల ఒకాయనైతే ఎండకు పట్టి మరీ దేవులాడిండు. ముందుగాల పచ్చ దారం చూడు, నోటు అటిటు వంచితే నీలం రంగుకు మారాలె, జిరాక్స్ కొట్టినోనికి ఇది చాతకాదు. తర్వాత రెండంచులకు ఏడేడు ఏటవాలు గీతలుంటయ్, వేలితోని రాస్తే ఉబ్బెత్తుగ తగుల్తయ్, కండ్లు కనవడనోళ్ల కోసం పెట్టినయి అవి. వెలుతురుకు పడితే తెల్ల జాగల గాంధీ తాత, పక్కన 2000 అంకె కనవడ్తయ్. ఎనుక మంగళయాన్ బొమ్మ, భాషల పట్టీల మన తెలుగు గూడ ఉంటది.

2023 మే 19న వాపస్ తీస్కుంటున్నమని రిజర్వు బ్యాంకు చెప్పింది గని చెల్లదని అనలే. మామూలు బ్యాంకులల్ల అక్టోబర్ 7తోనే బంద్, ఇప్పుడు హైదరాబాద్ రిజర్వు బ్యాంకు ఆఫీసుకు పోవాలె, లేకుంటే పోస్టుల పంపితే ఖాతాల పడ్తయ్. ఒక్క నోటుకు బస్సు కిరాయి దండుగ, పోస్టే నయం.