పైలట్ సంబంధం వచ్చింది, చుట్టాలు వద్దంటున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. మా బిడ్డ బ్యాంకులో పని చేస్తుంది, వయసు 26. కరీంనగర్ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి విమానంలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, శంషాబాద్ బేస్. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, బిడ్డకూ నచ్చాడు. మా ఆడబిడ్డ మాత్రం "పైలట్లు తాగుతరు, ఎయిర్‌హోస్టెస్‌లతోని తిరుగుతరు, పిల్లనియ్యకున్రి" అంటోంది. మా మరిది అహ్మదాబాద్ విమాన ప్రమాదం గుర్తు చేసి "వాళ్ల తలకాయలు సక్కగ ఉండయి" అంటున్నాడు. మాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు తాగుడు సంగతి. ఈ ఉద్యోగంలో దాని మీద ఉన్నంత కాపలా ఇంకెక్కడా లేదు. ఫ్లైట్‌కు 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు. ఆ రోజు మొదటి ఫ్లైట్ ఎక్కే ముందు కెమెరా ఎదుట బ్రెత్ అనలైజర్‌లో ఊదాలి, రీడింగ్ సున్నా రావాలి. మొదటిసారి దొరికితే లైసెన్స్ 3 నెలలు సస్పెండ్, రెండోసారి 3 ఏళ్లు, మూడోసారి రద్దు. 2023 నుంచి ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడకూడదు. అయితే ఆ యంత్రం చెప్పేది డ్యూటీకి తాగి రాలేదని మాత్రమే. సెలవు రోజు దావత్‌లో ఎంత తాగుతాడో, తాగాక ఎట్లా మాట్లాడతాడో దానికి తెలియదు. అది అబ్బాయినే సూటిగా అడగండి. "అప్పుడప్పుడు తాగుతా" అని ఒప్పుకున్నవాడి మాట నమ్మొచ్చు. ఎంతవరకు ఓర్చుకోగలదో తేల్చుకోవలసింది మీ బిడ్డ.

ఇక ఎయిర్‌హోస్టెస్‌ల మాట, అంటే హోటళ్లలో బస సంగతి. పరాయి ఊళ్లో ఆగినప్పుడు కనీసం 12 గంటలు, అంతకుముందు డ్యూటీ ఇంకా పొడుగైతే అంతసేపు విశ్రాంతి ఇవ్వాలన్నది నియమం. ఎవరి గది వాళ్లదే. ఎవరితో ఎవరు పోవాలో రోస్టర్, అంటే కంపెనీ వేసే డ్యూటీల పట్టిక, నిర్ణయిస్తుంది, జట్టు మారుతూనే ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి లేవాల్సినవాడు చేసే మొదటి పని నిద్రపోవడం. దీన్నిబట్టి ఎవరూ తప్పు చేయరని నేను చెప్పను. తప్పు చేసేవాడికి హోటలే అక్కర్లేదు, ఆఫీసు పక్కనే ఉన్నా చేస్తాడు. ఆ మాట విమానంలో పనిచేసే ఆడపిల్లల మీద కూడా పడుతోందని మీ ఆడబిడ్డకు చెప్పండి. ప్రమాదంలో జనాన్ని బయటికి పంపే శిక్షణ పొందినవాళ్లు వాళ్లు. మన దేశ పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లే.

అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న 260 మంది పోయారు. జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక, ఇంజిన్లకు ఇంధనం అందించే స్విచ్‌లు దాన్ని ఆపేసే స్థితికి మారాయని చెప్పింది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే, నేను ఆపలేదని రెండోవారు అన్నట్టు రికార్డైంది. ఆ నివేదిక ఎవరినీ దోషిగా తేల్చలేదు. అయినా చనిపోయిన పైలట్ మనసు మీద ఊరూరా తీర్పులొచ్చాయి. ఆ తీర్పును కరీంనగర్ అబ్బాయి మీద వేయడం అన్యాయం.

మనసు బాగోలేదని చెబితే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ చేస్తారేమోనన్న భయం మాత్రం ఈ ఉద్యోగంలో నిజంగా ఉంది. అందుకే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023లో తోటి పైలట్లే అండగా నిలిచే పీర్ సపోర్ట్ ఏర్పాటు చేయమంది. "మనసు బరువెక్కితే ఎవరితో చెప్పుకుంటారు?" అని మీ బిడ్డను అడగమనండి. "నాకేం కాదు" అని కొట్టిపారేస్తే అక్కడ ఆగి మళ్లీ అడగాలి.

చుట్టాలెవరూ ఎత్తనిది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది అప్పు. లైసెన్స్‌కు 200 గంటలు విమానం నడపాలి, ఆపైన టైప్ రేటింగ్, అంటే ఒక రకం విమానం నడపడానికి విడిగా శిక్షణ, అనుమతి. మొత్తం అరకోటి సులువుగా దాటుతుంది. లోన్ ఎంత మిగిలింది, నెలకు ఈఎంఐ ఎంత, ఎవరి ఇల్లు లేదా పొలం తాకట్టులో ఉంది, కంపెనీ వదిలి పోనని రాసిచ్చిన బాండ్ ఎన్నేళ్లు? ఏటా జరిగే మెడికల్‌లో తప్పితే జీతం ఆగుతుంది కాబట్టి లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా ఉందా? ఇవన్నీ కాగితాలతో సహా అడగండి. ఆ అప్పు కట్నంతో తీర్చే ఆలోచన వాళ్ల మాటల్లో వినబడితే, అబ్బాయి ఎంత మంచివాడైనా నేను వెనక్కి రమ్మంటాను.

తర్వాత, గడిచిన నెల రోస్టర్ మీ బిడ్డకు చూపించమనండి. వారానికి 48 గంటల ఎడతెగని విశ్రాంతి ఉంటుంది గానీ అది ఆదివారమే రావాలని లేదు. సద్దుల బతుకమ్మ నాడు అతను గువాహటిలో ఉండొచ్చు. స్టాండ్‌బై రోజున ఇంట్లోనే ఉన్నా ఫోన్ వస్తే బయల్దేరాలి. పెళ్లయ్యాక గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే: దిగే వేళ దాటినా ఫోన్ కలవదు, ఈమె పదిసార్లు చేస్తుంది, అతను విశ్రాంతి వేళ విసుక్కుంటాడు. దిగగానే ఒక మెసేజ్, పడుకునే ముందు ఒక ఫోన్, మధ్యలో నిద్ర చెడగొట్టకపోవడం అని ఇద్దరూ ముందే ఒప్పుకుంటే సగం అనుమానాలు పుట్టవు.

గుణం విచారించాలంటే అతనితో గది పంచుకున్నవాళ్లను, అద్దెకుండే ఇంటి ఓనర్‌ను అడగండి. ఎవరైనా చెడు చెబితే "ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ?" అనండి. "అందరంటున్నరు" అన్నదే జవాబైతే పక్కన పెట్టండి.

అన్నీ చూశాక, ఇంట్లో లేని మనిషితో కాపురం తనవల్ల కాదని బిడ్డ అంటే ఆ కారణం చాలు, బలవంతపెట్టకండి. అప్పుడు వాళ్లకు ఆ ఒక్క మాటే చెప్పి వదులుకోండి. మీ ఆడబిడ్డ మాటలు మాత్రం మీ ఇల్లు దాటనివ్వకండి, ఆ అబ్బాయికి రేపు ఇంకో సంబంధం చూసుకోవాల్సి ఉంటుంది.