డాబర్‌మాన్ పిల్లకి చెవులు కోయించమంటున్నారా? వద్దండీ

మీరు అడిగింది ఇదీ: డాబర్‌మాన్ పిల్లని తెచ్చుకున్నారు, రెండు నెలలు నిండాయి, తోక ముందే తీసేసి ఇచ్చారు, ఇప్పుడు చెవులు కూడా కట్ చేయించకపోతే అది డాబర్‌మాన్‌లా కనిపించదని అమ్మినాయన ఒకటే పోరు పెడుతున్నాడు, మీ తమ్ముడూ అదే మాట, మీకు మాత్రం మనసొప్పడం లేదు, ఇది తప్పా కాదా అని. తప్పేనండీ. చేయించకండి. ఎందుకో వివరంగా చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

నేను విజయవాడలో ఒక పెట్ క్లినిక్‌లో కొన్నేళ్లు కాంపౌండర్‌గా పనిచేశాను. మా డాక్టర్ గారు చెవుల కోతలు చేయనని మొహం మీదే చెప్పేసేవారు. అయినా ఆ కేసులు మాకు తప్పేవి కావు, ఎక్కడో కోయించుకుని చీము పట్టాక మా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఒక చాక్లెట్ రంగు ఆడపిల్ల, డాబర్‌మానే, నాకు బాగా గుర్తు. బ్రీడర్ తరఫు మనిషి ఎవరో ఇంటికే వచ్చి కోసి వెళ్లాడట, మత్తు ఏమిచ్చాడో, అసలు ఇచ్చాడో లేదో ఇంట్లో వాళ్లకే తెలీదు. రెండు చెవుల్నీ నెత్తి మీదికి లాగి, మధ్యలో థర్మాకోల్ ముక్క పెట్టి, టేపు చుట్టేశారు. టేపు కింద తడి చేరి కుళ్లు వాసన వస్తోంది. నేను సెలైన్‌తో నానబెట్టి నానబెట్టి తీస్తుంటే టేపుతో పాటు వెంట్రుకలూ ఊడొచ్చాయి, కింద కుట్ల వెంబడి అంచంతా నల్లబడిపోయి ఉంది. ఆ పిల్ల నన్ను కరవలేదు. బల్ల మీదే ఒంటేలు పోసేసుకుని, తల తీసుకెళ్లి నా మోచేతి కిందకి దూర్చేసింది. చచ్చిపోయిన ఆ అంచుని డాక్టర్ గారు మళ్లీ మత్తిచ్చి తీసెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత కట్టు మార్చడానికి తెచ్చిన ప్రతిసారీ గుమ్మం దగ్గరే చతికిలబడేది, ఎవరైనా నిమురుదామని చెయ్యి చాపితే తల వంచేసేది. ఆ ఇంటాయన చెడ్డవాడు కాదు, రాత్రిళ్లు దాని పక్కనే నేల మీద పడుకునేవాడు. "ఇంత ఉంటుందని ఎవరూ చెప్పలేదయ్యా" అన్నాడు. మీకు ఎవరో ఒకరు చెప్పాలని ఇదంతా రాస్తున్నాను.

అది నాటుగా చేసిన కోత, మంచి డాక్టర్ చేస్తే ఇలా అవదు కదా అని మీ తమ్ముడు అనొచ్చు. సరే, మంచి డాక్టరే చేశాడనుకుందాం. ఈ ఆపరేషన్ మామూలుగా ఏడు నుంచి పన్నెండు వారాల వయసులో చేస్తారు. పూర్తి మత్తు ఇచ్చి, చెవి మృదులాస్థితో సహా పెద్ద ముక్క కోసేసి కుట్లు వేస్తారు. కుట్లు విప్పేయడంతో పని అయిపోదు, చెవి నిటారుగా నిలబడేదాకా వారాల తరబడి, కొన్నింటికి నెలల తరబడి, టేపు కట్టి విప్పి మళ్లీ కడుతూ ఉండాలి. అంతా చేశాక కూడా ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయిన కుక్కలు ఉన్నాయి. పైగా అది టీకాలు ఇంకా పూర్తికాని వయసు. పార్వో అనే ప్రమాదకరమైన అంటువ్యాధితో వాంతులు చేసుకుంటున్న కుక్కలు వచ్చే క్లినిక్‌కే ఈ పిల్లని కట్టు మార్చడానికి మాటిమాటికీ మోసుకెళ్లాలి. మనుషులన్నా తోటి కుక్కలన్నా భయం లేకుండా పెరగడం నేర్చుకునేదీ సరిగ్గా ఆ వారాల్లోనే, ఆ టైములో మనిషి చెయ్యి అంటే నొప్పి అని దానికి నేర్పుతున్నాం.

డాబర్‌మాన్ విషయంలో ఇంకోటి ఉంది, అమ్మేవాళ్లు ఎప్పుడూ ఎత్తరు. వాన్ విల్లెబ్రాండ్ అనే రక్తస్రావపు జబ్బు ఈ జాతిలో ఎక్కువ, వంశపారంపర్యంగా వస్తుంది. అది తీవ్రంగా ఉన్న పిల్లకి గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టదు. ఆ పరీక్ష కూడా చేయించకుండా అందం కోసం కత్తి పెట్టడమంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆపరేషన్లకే నేను వ్యతిరేకిని అనుకోకండి. కనురెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు కంటిలో గుచ్చుకుంటుంటే రెప్ప సరిచేస్తారు, పగ్‌కి ఊపిరి ఆడకపోతే ముక్కురంధ్రాలు వెడల్పు చేస్తారు. ఆ రెండింటికీ మొహం కాస్త మారుతుంది, అయినా చేయించాల్సిందే, ఎందుకంటే మర్నాటి నుంచి సుఖపడేది కుక్క. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా అంతే, ఆడకుక్కకి గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పోతుంది. వీధికుక్కలకి మున్సిపాలిటీ వాళ్లు చెవి కొసన చిన్న గాటు పెడతారు కదా అని ఒకాయన నాతో వాదించాడు. అది వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే ఏబీసీ ఆపరేషన్ అప్పుడు, ఎలాగూ మత్తులో ఉండగానే పెట్టే గుర్తు. అది ఉంటే అదే కుక్కని మళ్లీ పట్టుకెళ్లి మళ్లీ పొట్ట కోయరు. మీ పిల్లకి చెవులు కోస్తే దానికి ఏం ఒరుగుతుందో ఆ అమ్మినాయన్ని అడగండి.

చెవుల్లో ఇన్‌ఫెక్షన్ రాదు అంటాడు. మా క్లినిక్‌కి చెవుల జబ్బుతో వచ్చేవి ఎక్కువగా లాబ్రడార్లు, కాకర్ స్పానియల్సే. విజయవాడ ఉక్కపోతలో స్నానం చేయించి చెవులు సరిగా ఆరబెట్టకపోతే, లేదా ఒంట్లో ఎలర్జీ ఉంటే, అవి నెలకోసారి చెవి గీక్కుంటూనే ఉంటాయి. వాటి చెవులు మాత్రం ఎవరూ కోయరు, ఎందుకంటే వాటికి వేలాడే చెవులే అందమని అనుకుంటాం. ఆ ఒక్క సంగతి చాలు, ఇది ఆరోగ్యం కోసం కాదని తెలియడానికి.

తోకకి దెబ్బలు తగులుతాయని ఇంకో మాట. బ్రిటన్‌లో దీని మీద పెద్ద అధ్యయనమే చేశారు, 2010లో వచ్చింది, ఒక్క కుక్క తోకకి గాయం కాకుండా ఆపాలంటే సుమారు 500 కుక్కల తోకలు కోయాల్సి వస్తుందని తేలింది. తోక ఊరికే వేలాడే అవయవం కూడా కాదు. కెనడాలో పరిశోధకులు ఒక రోబో కుక్కకి పొడవు తోక, పొట్టి తోక మార్చి మార్చి పెట్టి చూశారు. పొడవు తోక ఊపుతుంటే మిగతా కుక్కలు ధైర్యంగా దగ్గరికి వచ్చాయి, కదలకుండా ఉంటే అంతగా రాలేదు. పొట్టి తోకైతే ఊపినా ఊపకపోయినా వాటికి తేడా తెలియలేదు. అంటే తోక తీసేసిన కుక్క "నేను గొడవకి రాలేదు" అని చెప్పాలన్నా ఎదుటి కుక్కకి అర్థం కావడం కష్టం.

ఇక "జాతి లక్షణం" అనే మాట. డాబర్‌మాన్ పుట్టింది జర్మనీలో, అపోల్డా ఊళ్లో, పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మాన్ అనే ఆయన కాపలా కోసం తయారుచేసిన జాతి. ఆ జర్మనీలోనే 1987 నుంచి చెవులు కోయడం నిషేధం, 1998లో తోకలు కోయడమూ ఆపేశారు. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ కూడా 2015 నాటి డాబర్‌మాన్ ప్రమాణంలో చెవులూ తోకా సహజంగానే ఉండాలని రాసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ చేస్తారు, మనవాళ్లు అక్కడి ఫోటోలు చూసే ఇక్కడ మోజు పడుతున్నారు. కానీ అక్కడి వెటర్నరీ డాక్టర్ల సంఘమే అందం కోసం చేసే ఈ కోతలు వద్దంటోంది.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11 ప్రకారం జంతువు అవయవాలు కోసి పాడుచేయడం నేరం. కొమ్ములు తీయడం, వృషణాలు తీయడం, ముక్కుతాడు వేయడం లాంటి కొన్నింటికి అందులో మినహాయింపు ఇచ్చారు, ఆ జాబితాలో కుక్క చెవులూ తోకా లేవు. బాధాకరమైన సంగతేంటంటే మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు, దశాబ్దాల కిందట రాసిన అంకెలే ఇప్పటికీ. అందుకే ఎవరికీ భయం లేదు, "అందరూ చేయిస్తున్నారు సార్" అని ధీమాగా చెప్తారు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కూడా పిల్లకి చెవి కొస కోస్తే రోషంగా మొరుగుతుందనేవాళ్లు. రోషం పెంపకంతో వస్తుంది, చెవితో కాదు. వాలిన చెవులతోనే రాజపాళయం కుక్కలు తరతరాలుగా పొలాలూ ఇళ్లూ కాస్తున్నాయి.

తోక గురించి మీరు బాధపడకండి, అది సాధారణంగా పుట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో, చాలాచోట్ల మత్తు కూడా లేకుండా తీసేస్తారు, అప్పటికి మీరు ఆ పిల్లని చూసి కూడా ఉండరు. ఇకముందు మీ బంధువులెవరైనా తీసుకుంటుంటే మాత్రం తల్లి ఈనకముందే "మాకు తోకతోనే కావాలి" అని చెప్పి పెట్టమనండి. కొనేవాళ్లు అడిగితేనే బ్రీడర్లు మానతారు, ఇది నేను కళ్లారా చూశాను.

మీ తమ్ముడితో గొడవ పడకుండా ఒక పని చేయండి. చెవుల కోసం పక్కన పెట్టిన డబ్బుతో ముందు ఆ వాన్ విల్లెబ్రాండ్ పరీక్ష చేయించండి, ఎప్పుడైనా నిజంగా ఆపరేషన్ అవసరమైతే ఆ రిపోర్టు పనికొస్తుంది. మిగిలింది అట్టేపెట్టి, కుక్క పెద్దదయ్యాక ఏడాదికోసారి గుండె చూపించండి, ఎకో (గుండె స్కాన్), ఈసీజీ రెండూ. డాబర్‌మాన్‌లకి గుండె కండరం బలహీనపడే జబ్బు చాలా ఎక్కువ, పైకి ఏమీ కనిపించకుండానే ముదిరిపోతుంది, ముందే పట్టుకుంటే మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు. చెవులు వారానికోసారి ఎత్తి చూడండి, స్నానం అయ్యాక పొడి గుడ్డతో బయటి భాగం తుడవండి, లోపలికి దూది పుల్లలు పెట్టొద్దు.