గోండి కోసం ఎంఏ... ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు కుటుంబం. మా అమ్మాయి బీఏ పూర్తి చేసింది. లింగ్విస్టిక్స్‌లో (భాషాశాస్త్రం) ఎంఏ చేసి గోండి భాష కోసం పనిచేస్తానంటోంది. మేమేమో బీఈడీ చేయమంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దానికి చోటు లేదు. అందుకే గోండి పేరుతో పడే నోటిఫికేషన్లు చాలా అరుదు. దొరికేవి ఎక్కువగా రెండు మూడేళ్ల ప్రాజెక్టు పనులే. మీ టెన్షన్‌లో న్యాయం ఉంది.

అయితే మీ జిల్లాలోనే ఉన్న గుంజాల సంగతి చూడండి. పాత గోండి లిపి రాతప్రతులను దాచుకున్నది ఆ ఊరి పెద్దలే. వాటిని చదవగలిగేవాళ్లు కొద్దిమందే మిగిలితే, పిల్లలకు ఆ అక్షరాలు నేర్పిందీ వాళ్లే. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు వారికి తోడయ్యారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించే ప్రమాణంలో చేరింది. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలూ అంతే, చట్టం కోసం ఆగలేదు. 1982లోనే అవ్వాతాతల చేత పసిపిల్లలకు భాష నేర్పించడం మొదలుపెట్టారు. అక్కడ మావోరీ భాషకు అధికార భాష హోదా ఇచ్చే చట్టం 1987లో గానీ రాలేదు. ఈ పనికి ఊళ్లో ఉండే మనిషి కావాలి. మీ ఏజెన్సీ బడిలో టీచరైతే రోజూ గోండి పిల్లల మధ్యే ఉంటుంది. కాబట్టి బీఈడీ ఈ కలకు అడ్డేమీ కాదు.

నా సలహా: బీఈడీ ప్రవేశానికి ఎడ్‌సెట్ రాయించండి, సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ ప్రవేశానికి సీయూఈటీ పీజీ కూడా రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటొస్తే ఎంఏకి పంపడమే మంచిది. బీఈడీ తర్వాతైనా చేయొచ్చు. ఎంఏ తర్వాత లింగ్విస్టిక్స్‌లో యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఉంది, పీహెచ్‌డీకి ఎస్టీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఉంది. కాలేజీ లెక్చరర్ దారి అది.

దానికి ముందు ఒక చిన్న పరీక్ష. ఈ సెలవుల్లో వాళ్ల నానమ్మను అడిగి, ఆమె సరేనంటేనే, ఒక గంటసేపు కథలు ఫోన్‌లో రికార్డు చేయమనండి. తర్వాత ప్రతి మాటా తెలుగు లిపిలో నోటుబుక్కులోకి ఎక్కించి, పక్కన అర్థం రాయాలి. గంట రికార్డింగుకు రోజులు పడుతుంది, విసుగు పుడుతుంది. అసలు ఉద్యోగంలో సగం పని ఇదే. రెండో గంట కూడా తనంతట తానే రాస్తే ఇక ఆపకండి. ఆ నోటుబుక్కు మీరూ ఒకసారి చదవండి. తప్పులుంటే దిద్దాల్సింది మీరే కదా.